అధ్యక్షులవారికి గంట

మనుషుల్లో రెండు రకాలుంటారని గంటమ్మ నమ్మకం. వినడానికి వచ్చేవాళ్ళు, మాట్లాడడానికి వచ్చేవాళ్ళు. ఆ పాత మేడలో నెలకోసారి జరిగే ఉపన్యాసానికి రెండో రకమే ఎక్కువగా వస్తారు. టీ కోసం వచ్చే మూడో రకం కూడా ఉంది గానీ, వాళ్ళ మీద ఆమెకు కోపం లేదు. వాళ్ళు కనీసం నోరు మూసుకుని కూర్చుంటారు.

ఆ మేడ ఒకప్పుడు ఎవరో గొప్పింటివాళ్ళది. వాళ్ళు పోయారు, మేడ మిగిలింది. చుట్టూ తోట, ముందు ఇనుప గేటు, లోపల ఎత్తయిన కిటికీలతో పొడవాటి హాలు. పాత కట్టడాలను కాపాడాలని ఊరి పెద్దలు కొందరు కలిసి సంఘం పెట్టుకున్నారు. సంఘం ఏం కాపాడిందో గోడల మీంచి రాలే పెచ్చులను అడగాలి గానీ, ఉపన్యాసాలు మాత్రం క్రమం తప్పకుండా పెట్టేది. తోటలోని చెట్ల గురించి ఒక నెల, తలుపుల మీది చెక్కడాల గురించి ఒక నెల, ఏమీ దొరకని నెల క్రమశిక్షణ గురించి. కుర్చీలు వేయించడం, కూజాలో నీళ్ళు పోయించడం, వక్తను గేటు దగ్గరనుంచి వెంటబెట్టుకొచ్చి కూర్చోబెట్టడం, ఆ తర్వాత సమయం చూసి ఆయన్ని ఆపడం, ఇవన్నీ గంటమ్మ పనులు.

ఆపడం ఎందుకంత ముఖ్యమంటే, ఆ హాల్లో కరెంటు లేదు. ఒకప్పుడు ఉండేది. ఒక సభ మధ్యలో గోడలోని పాత తీగలు గుప్పున పొగ వదిలాయి. అప్పటినుంచీ దీపం లేదు, ఫ్యాను లేదు, మైకు అసలే లేదు. కిటికీల్లోంచి వెలుగు వచ్చినంతసేపే సభ. కొత్త తీగలు వేయించాలని సంఘం ప్రతి సమావేశంలోనూ ఏకగ్రీవంగా తీర్మానిస్తుంది. తీర్మానం అయ్యాక అందరూ చీకటి పడకముందే ఇళ్ళకు పోతారు.

అందుకని గంటమ్మ చేతికి ఒక ఇత్తడి గంట ఇచ్చారు. బల్ల చివర కూర్చుని ఆమె ఒక్కసారి టంగుమనిపిస్తే వక్త ముగించాలని అర్థం. ఆగకుండా గణగణ మోగిస్తే సభ అయిపోయింది, వెనక తోటలో టీ సిద్ధంగా ఉంది అని అర్థం. అక్కడికొచ్చే ప్రతివాళ్ళకీ ఆ గంట భాష వచ్చు. ఒక్క నియమం మాత్రం ఎక్కడా రాయకుండానే అందరూ పాటిస్తూ వచ్చారు. గంట వక్తకే. అధ్యక్షులవారికి గంట కొట్టరు. ఆయన కలప అడితి యజమాని. హాల్లో ఉన్న కుర్చీలన్నీ ఆయన తండ్రి ఇచ్చినవి, ప్రతి కుర్చీ వెనకా ఆ తండ్రి పేరు తెల్లరంగుతో రాసి ఉంటుంది. వీపుకి ఆ పేరు ఆనించి కూర్చున్నవాళ్ళు కొడుకుని ఆపమని ఎలా అడుగుతారు?

ఇక రెండుమాటలాయన. ఈయన విశ్రాంతి తీసుకోవాల్సిన హెడ్మాస్టరు, తీసుకోడు. ప్రతి సభలోనూ లేచి, "రెండు మాటలు చెప్పి కూర్చుంటాను" అంటాడు. ఆ రెండు మాటలూ ఏవో ఇంతవరకు ఎవరికీ తెలియలేదు. గంటమ్మ ముప్పై ఏళ్ళు డ్రిల్లు టీచరుగా పనిచేసింది, అందులో సగం ఈయన కిందే. పొద్దున పిల్లల్ని వరసల్లో నిలబెట్టి ఈయన చెప్పే రెండు మాటలు ఆమె డ్రిల్లు పీరియడుని రోజూ మింగేసేవి. ఉద్యోగం అయిపోతే ఈ పీడ విరగడవుతుందనుకుంది. మేడ పని ఒప్పుకున్న మొదటి నెలే ముందు వరసలో ఆయన కనిపించాడు. ఆ సాయంత్రం ఇంటికి పోయి చెప్పుల్ని గోడకేసి కొట్టింది.

"కొరివితో తల గోక్కోవడం నీకు సరదా," అన్నాడు భర్త, పేపరు మీంచి తల ఎత్తకుండా. "ఎవరు తీసుకోమన్నారు ఆ పని?"

ఎవరూ తీసుకోమనలేదు. ఆ మేడ అంటే ఆమెకు ఒక మమకారం ఉంది. ఇదే హాల్లో ఒకప్పుడు ఊరి టెలిఫోన్ ఎక్స్ఛేంజి ఉండేది. గోడ పొడవునా బోర్డులు, బోర్డుల నిండా రంధ్రాలు, వాటి ముందు ఎత్తు స్టూళ్ళ మీద వరసగా ఆడవాళ్ళు. ఎవరు ఫోనెత్తినా ముందు వీళ్ళే పలకాలి, వీళ్ళు తీగ కలిపితేనే అవతలివాళ్ళు పలుకుతారు. ఆ వరసలో కిటికీ పక్క స్టూలు గంటమ్మ అక్కది.

"పెద్దదానికి గొంతు, చిన్నదానికి అరుపు ఇచ్చాడు దేవుడు," అనేది వాళ్ళమ్మ. నిజమే. అక్క గొంతు పెద్దదీ కాదు, సన్నదీ కాదు. చెవి పక్కన కూర్చుని తీరిగ్గా మాట్లాడినట్టుండేది. ఊళ్ళో సగం మందికి ఆ గొంతు తెలుసు, మొహం తెలియదు. కూరల దుకాణంలో ఆమె బేరమాడుతుంటే పక్కనున్నవాళ్ళు గిరుక్కున తిరిగి చూసేవాళ్ళు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగితే, "రోజంతా మొగుడూ పెళ్ళాల మాటలు వింటూనే ఉన్నాను, ఆ ముచ్చట తీరిపోయింది," అనేది.

గంటమ్మకు అక్క మీద ఒకే ఒక్క గుర్రు. కొత్తగా ఉద్యోగం వచ్చి ఊరి చివర బడి హాస్టల్లో చేరినప్పుడు ఆమెకు ఒకటే దిగులు. సాయంత్రం ఆఫీసు గదిలో ఎవరూ లేనప్పుడు ఫోనెత్తేది.

"నంబరు చెప్పండి," అనేది అక్క.

"అక్కా, నేనే."

"నంబరు చెప్పండి."

"నేనేనే, నీ చెల్లెల్ని!"

తీగ తెగిపోయేది. వెనకాల సూపర్‌వైజరు నిలబడి ఉంటుందనీ, లైను ఊరివాళ్ళది గానీ మనది కాదనీ, ఇంటికొచ్చినప్పుడు ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చనీ అక్క తర్వాత చెప్పింది. అన్నీ సబబైన మాటలే. కానీ కడుపులో దిగులున్న మనిషికి సబబు ఎక్కదు. ఎంత వయసొచ్చినా, ఆ "చెప్పండి" గుర్తొస్తే గంటమ్మకు ఒళ్ళు మండేది. చెల్లెల్ని పట్టుకుని "అండి" ఏమిటి!

ఆ అక్క గొంతులో ఇప్పుడు పుండు లేచింది. డాక్టర్లు చూసి, స్వరపేటిక తీసేస్తే ప్రాణానికి భయం లేదన్నారు. మాట ఉండదన్నారు. సోమవారం ఆపరేషను. అక్క తల ఊపి వచ్చేసింది. గంటమ్మే డాక్టరుతో పోట్లాడింది, ఇంటికొచ్చి భర్తతో పోట్లాడింది, చివరికి పాలు పొంగినందుకు స్టవ్వుతో కూడా పోట్లాడింది. ఆ తర్వాత ఆమెకు ఒక ఆలోచన వచ్చింది. సోమవారానికి ముందు శనివారం మేడలో ఉపన్యాసం ఉంది. ఊరంతటికీ మాట కలిపిన మనిషి ఆ హాల్లోనే ఒక్కసారి నలుగురి ముందూ తన మాట చెప్పాలి. గొంతు పోయేలోపు ఆ గొంతుకు ఒక సభ జరగాలి.

"నేనేం చెప్తానే?" అంది అక్క. అప్పటికే మాట బొంగురుపోయింది. "నేను మధ్యలో దాన్ని. ఒకరు మాట్లాడతారు, ఒకరు వింటారు. మధ్యలోదానికి చెప్పేదేముంటుంది?"

"అదే చెప్పు."

"మైకు కూడా లేదు కదే అక్కడ."

"కిక్కురుమన్నవాడి సంగతి నేను చూసుకుంటాను," అంది గంటమ్మ.

అక్క ఒప్పుకుంది. చిక్కేమిటంటే, గొంతు రోజులో కాసేపే పనిచేస్తోంది. ఎంత దాచుకుంటే అంత. అందుకని ఆ వారమంతా గంటమ్మ ఇంట్లోనే ఉంటూ ఆమె మౌనం పట్టింది. మౌనం పట్టిన మనిషితో కాపురం ఎంత కష్టమో గంటమ్మకు అప్పుడు తెలిసింది. అక్క ఉప్పు కావాలని వేళ్ళు నలిపి చూపిస్తే ఈమె తలనొప్పి మాత్ర తెచ్చి ఇచ్చింది. కిటికీ వేయమని చేతులు దగ్గరకు చేస్తే, ఎవరికో దణ్ణం పెడుతోందని వాకిట్లోకి వెళ్ళి చూసొచ్చింది. "నోటితో అడిగి చావొచ్చుగా!" అనబోయి, నాలుక కరుచుకుని, వంటింట్లోకి పోయి గిన్నెలు గట్టిగా సర్దింది.

శుక్రవారం పనిగట్టుకుని అడితికి వెళ్ళి అధ్యక్షులవారిని కలిసింది. రంపాల రొదలో కూడా ఆయన మాట మామూలుగానే వినపడుతుంది.

"అయ్యగారూ, రేపు ఒక్కసారికి పరిచయం క్లుప్తంగా కానిచ్చేయండి. అక్క గొంతు ఎక్కువసేపు నిలవదు."

"అయ్యో, దానికంత దూరం రావాలా అమ్మా? నేను మాట్లాడేదెంత? ఎప్పుడూ క్లుప్తమే కదా!"

ఆయన నిజంగానే అలా నమ్ముతున్నాడు. అబద్ధమాడేవాణ్ణయితే నిలదీయొచ్చు. నమ్మి మాట్లాడేవాణ్ణి ఏం చేస్తాం?

శనివారం హాలు నిండింది. అక్క ఉతికిన తెల్లచీర కట్టుకుని, వేణ్ణీళ్ళ ఫ్లాస్కు ఒళ్ళో పెట్టుకుని బల్ల ముందు కూర్చుంది. తన స్టూలు ఉండే కిటికీ వైపు ఒకసారి చూసుకుంది. అధ్యక్షులవారు లేచారు.

"మానవుడు తొలినాళ్ళలో కేకలు వేసేవాడు," అని మొదలుపెట్టారు.

గంటమ్మకు అప్పుడే ఒక కేక వేయాలనిపించింది. ఆయన కేకలనుంచి పావురాలకొచ్చాడు. పావురాలనుంచి తపాలాకొచ్చేసరికి కిటికీల ఎండ నేల వదిలి గోడ ఎక్కింది. హమ్మయ్య, టెలిఫోనుకొచ్చాడు అనుకుంటే, అది ఆయన తండ్రి పెట్టించిన టెలిఫోను. దాని రంగు, దాని బరువు, దాన్ని చూడ్డానికి వచ్చిన చుట్టాలు, ఆ చుట్టాల్లో ఒకాయన తర్వాతి జీవితం. మధ్యలో ఎక్స్ఛేంజి ఎలా పనిచేసేదో కూడా ఆయనే వివరించాడు, అంతా తలకిందులుగా. అక్క పెదవులు కదిలాయి గానీ గొంతు ఖర్చు పెట్టలేదు. వేణ్ణీళ్ళు ఒక గుక్క తాగింది.

"కాబట్టి ఇక మన వక్త..." అన్నాడాయన. గంటమ్మ ఊపిరి పీల్చుకుంది.

ముందు వరసలో కుర్చీ కిర్రుమంది. "అధ్యక్షా! సందర్భం వచ్చింది కనక, రెండు మాటలు చెప్పి కూర్చుంటాను."

ఎవరి పుణ్యం పండితే ఈయన నోరు ఆగుతుందో! పూర్వం జనం ఫోనులో ఎంత మర్యాదగా మాట్లాడేవారో, ఇప్పుడెంత మర్యాద లేకుండా మాట్లాడుతున్నారో ఆయన చెప్పుకుపోయాడు. వక్త కాదు కాబట్టి ఆయనకు గంట వర్తించదు. కూర్చున్నాడో లేదో, ఆ రెండు మాటలకూ నాలుగు మాటల్లో స్పందించడం అధ్యక్షుడిగా తన ధర్మమంటూ కలప అడితాయన మళ్ళీ లేచాడు. గోడ మీది ఎండ పైకప్పు దాకా పాకింది. వెనక వరసల్లో మొహాలు మసకబారాయి.

గంటమ్మ అక్క వైపు చూసింది. అక్క మెల్లిగా చెయ్యి ఊపింది. "పోనీలే" అని.

వారం రోజులుగా ఒక్క సైగ కూడా సరిగ్గా అర్థం కాని గంటమ్మకు ఇది మాత్రం అర్థమైంది. పోనీలేనా? ఏం పోనీలే? సోమవారం పోయేది పోతూనే ఉంది, శనివారం కూడా పోనివ్వాలా? ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. నియమం లేదు, కుర్చీ లేదు, కుర్చీ వెనక పేరు లేదు. గంట తీసి అధ్యక్షులవారి చెవి దగ్గర గణగణగణ వాయించేసింది. చెయ్యి నొప్పెట్టేదాకా వాయించింది.

ఆపి చూస్తే హాలంతా లేచి నిలబడి ఉంది. ఆగకుండా మోగిందంటే టీ అని అర్థం కదా! ఆ సంగతి ఆ క్షణాన ఒక్క గంటమ్మకే గుర్తులేదు. కుర్చీలు జరుపుకుంటూ, మోకాళ్ళు పట్టుకుంటూ, కబుర్లు చెప్పుకుంటూ జనం వెనక తలుపులోంచి తోటలోకి వెళ్ళిపోయారు. "ఆ విధంగా టెలిఫోను మన జీవితాల్లో" అంటున్న అధ్యక్షులవారు కూడా వాక్యాన్ని అక్కడే వదిలేసి, కండువా సర్దుకుని టీకి నడిచారు. అలవాటు అలాంటిది.

ఖాళీ హాల్లో అక్కాచెల్లెళ్ళిద్దరూ మిగిలారు.

"నా చెయ్యి పడిపోను!" అంది గంటమ్మ. ఆమెకు ఏడుపు తన్నుకొచ్చింది. "నా చేత్తో నేనే పంపేశాను కదే అందర్నీ!"

అక్క భుజాలు కదిలిపోతున్నాయి. ఏడుస్తోందేమోనని కంగారుగా వంగి చూస్తే, నవ్వు. శబ్దం లేకుండా, కళ్ళవెంట నీళ్ళు కారేలా నవ్వు.

"ఒక్క దెబ్బకి లైన్లన్నీ తెంపేశావు," అంది అక్క. ఆ వారంలో ఆమె నోట వచ్చిన మొదటి మాట అది.

గంటమ్మ తోటలోకి పరిగెత్తింది. తోటమాలి టీ పోస్తున్నాడు, అందరి చేతుల్లోనూ కప్పులున్నాయి. "లోపలికి రండి, ఉపన్యాసం ఇంకా మొదలే కాలేదు!" అని బతిమాలింది.

"కప్పులతో లోపలికి రానివ్వరుగా?" అన్నారెవరో, తలుపు మీది బోర్డు చూపిస్తూ. ఆ బోర్డు గంటమ్మ స్వహస్తాలతో రాసి పెట్టిందే.

"అయినా అధ్యక్షులవారు అంతా చెప్పేశారు కదమ్మా," అన్నాడు ఇంకొకాయన, ఏ పాపం తెలియకుండా. అక్క అప్పుడే మెట్లు దిగి వస్తోంది. ఒకావిడ ఎదురెళ్ళి ఆమె చేతులు పట్టుకుని, "మీ ఉపన్యాసం చాలా బాగుందండీ," అంది.

ఇక గంటమ్మ వల్ల కాలేదు. గంట అరుగు మీద పెట్టేసింది. రెండు కాళ్ళూ దగ్గరకు చేర్చి, ముప్పై ఏళ్ళు బడి మైదానం ఈ చివర నుంచి ఆ చివరకు వినిపించిన అరుపు బయటికి తీసింది.

"సావధాన్!"

చెట్ల మీది పిట్టలు లేచిపోయాయి. తోటలో సగం మంది ఒకప్పుడు ఆమె దగ్గర డ్రిల్లు చేసినవాళ్ళే. కప్పులు పట్టుకునే కాళ్ళు దగ్గరకు చేర్చి నిలబడ్డారు. మిగతావాళ్ళు వాళ్ళను చూసి నిలబడ్డారు. రెండుమాటలాయన కూడా బిర్రబిగుసుకుపోయాడు. ఎక్కడా చప్పుడు లేదు.

ఆ నిశ్శబ్దంలోకి అక్క మాట వచ్చింది. బొంగురు ఉంది, కానీ ఆ గొంతే.

"నంబరు చెప్పండి."

గోడ పక్కన నిలబడ్డ ముసలాయన ఒకడు, తనకు తెలియకుండానే అన్నట్టు, "ముప్పై నాలుగు," అన్నాడు.

"మందుల షాపు," అంది అక్క. "మీ ఆవిడ పురిటికి వెళ్ళినప్పుడు రోజుకు నాలుగుసార్లు చేసేవారు. కొడుకు పుట్టాడని ఆస్పత్రివాళ్ళు చెప్పగానే మీరు రిసీవరు వదిలేసి పరిగెత్తారు. ఆ పూటంతా మీ లైను తెరిచే ఉంది. షాపులో గడియారం చప్పుడు వినపడుతూ ఉండేది."

ముసలాయన కప్పు పక్కన పెట్టి కళ్ళద్దాలు తీశాడు.

"అరవై రెండు," అంది ఒకావిడ. "పదకొండు," అన్నారు ఇంకొకరు. అందరూ దగ్గరకు జరిగారు. గొంతు చిన్నది కాబట్టి జరగక తప్పలేదు. ఒక్కొక్క నంబరుకీ అక్క ఒక్కొక్క ముక్క చెప్పింది. బడాయి లేదు, ఉపోద్ఘాతం లేదు. కాసేపటికి చివరనుంచి, ఎప్పుడూ లేనంత చిన్నగా, "ఇరవై ఏడు," అని వినిపించింది. అధ్యక్షులవారు.

"కలప అడితి. మీ నాన్నగారికి ఫోను అవసరం ఉండేది కాదు. ఇక్కడికి మామూలుగానే వినపడేవారు."

తోటంతా నవ్వింది. ఆయనా నవ్వాడు. కానీ నవ్వులు సద్దుమణిగేలోపు మొహాల మీద ఇంకేదో కనపడింది. ఈవిడ ఇంత విన్నదంటే ఇంకెంత విన్నదో! రెండుమాటలాయన మెల్లిగా చెట్టు చాటుకు జరిగాడు.

అక్క గమనించింది. "భయపడకండి," అంది. "ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. సోమవారంనుంచి చెబుదామన్నా చెప్పలేను."

వెలుగు దాదాపు పోయింది. అక్క ఇంకేదో చెప్పబోయింది గానీ గొంతు పలకలేదు. చేతులెత్తి అందరికీ నమస్కారం పెట్టింది. అధ్యక్షులవారు వందన సమర్పణకు కాబోలు, గొంతు సవరించుకున్నారు. అరుగు మీది గంట వైపు గంటమ్మ చెయ్యి వెళ్ళడం చూసి మళ్ళీ టీ తాగారు.

జనం వెళ్ళిపోయాక అక్కాచెల్లెళ్ళు అరుగు మీద కూర్చున్నారు. గంటమ్మ ఒక కప్పు టీ తెచ్చి అక్క చేతికిచ్చింది. ఇంతసేపూ ఎవరి మీదో ఒకరి మీద కోపం ఉంది కాబట్టి బాగానే ఉంది. ఇప్పుడు కోపగించుకోవడానికి ఎవరూ లేరు. ఏం చేయాలో తోచక, మీటర్ల బోర్డు దగ్గర తుప్పు పట్టిన తీగల వంక చూస్తూ కూర్చుంది.

అక్క గొంతు సవరించుకుంది. మిగిలిన కాస్త గొంతూ పోగుచేసుకున్నట్టు ఆగి, ఆమె వైపు తిరిగింది.

"నంబరు చెప్పండి," అంది.

గంటమ్మ ఉలిక్కిపడింది.

"నేనే అక్కా," అంది.

అక్క తీగ తెంపలేదు.

"చెప్పవే," అంది.

చెప్పాల్సినవి గంటమ్మ దగ్గర బోలెడున్నాయి. హాస్టల్ దిగులు దగ్గర మొదలుపెడితే తెల్లారేదాకా సరిపోతాయి.

"టీ చల్లారిపోతోంది," అంది కసురుతున్నట్టు. "తాగు."